కాంటా తూకం కంప్యూటర్‌లోకి రావట్లేదా? ఉబుంటులో సీరియల్ పోర్టును సరిచేసుకునే పద్ధతి

మిర్యాలగూడ చుట్టుపక్కల వడ్లు దిగే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "అన్నా, కాంటా డబ్బా మీద తూకం మంచిగనే కనబడుతుంది, కంప్యూటర్ల మాత్రం వస్తలేదు. నిన్నటిదాక నడిచింది." అవతల ట్రాక్టర్లు, లారీలు రోడ్డుదాకా వరుస కట్టి ఉంటాయి. ఆపరేటర్ చేయగలిగింది ఒక్కటే: ఇండికేటర్ (తూకం చూపే ఆ డబ్బా) మీద అంకె చూసి చేత్తో కొట్టడం. నా టెన్షన్ అంతా అక్కడే. 8,640 కొట్టాల్సిన చోట 8,460 పడితే 180 కిలోలు పోయినట్టు. 40 కిలోల బస్తా లెక్కన నాలుగున్నర బస్తాలు. పొలానికి రాత్రిళ్లు నీళ్లు పెట్టి పండించిన మనిషి ఆ నాలుగున్నర బస్తాలు ఎందుకు వదులుకోవాలి?

మంచి విషయం ఏమిటంటే, ఇలాంటి ఫోన్లలో నిజంగా కాంటా చెడిపోయినవి చాలా తక్కువ. కంప్యూటర్‌ను నడిపే ఉబుంటు (విండోస్ లాంటిదే, లైనక్స్‌లో ఒక రకం) కాంటా తీగ కలిసే పోర్టును ఇవ్వకపోవడమో, పోర్టును వేరే ప్రోగ్రాం పట్టుకుని ఉండటమో, పోర్టు పేరు మారిపోవడమో జరిగి ఉంటుంది. మూడూ మీ చేతుల్లో ఉన్నవే. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే మిషన్‌కైనా, ఇంజనీరింగ్ పిల్లల ఆర్డుయినో బోర్డుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కమాండ్లను నేను ఫోన్లో చెప్పే తీరులోనే, పలికినట్టు రాస్తున్నాను. టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరవడానికి కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి. అందులో అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఖాళీ అని రాసిన చోట ఆ మాట కాదు, స్పేస్ బార్ నొక్కాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట అలా చెబుతాను. లైనక్స్‌కు చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. సుడో (ఎస్, యు, డి, ఓ) అంటే పూర్తి అధికారంతో నడిపించు అని, అలా మొదలయ్యే కమాండ్‌కు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు కొట్టేది తెర మీద చుక్కలుగా కూడా కనబడకపోవచ్చు. కీబోర్డు పోయిందనుకోకండి, మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి.

ముందు మెసేజ్ చదవండి

తూకం సాఫ్ట్‌వేర్‌లు సాధారణంగా "పోర్ట్ ఎర్రర్" అని ఒక చిన్న డబ్బా చూపించి ఊరుకుంటాయి. దాంతో ఏమీ తెలియదు. అందుకే ఆ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసేసి, పోర్టును నేరుగా తెరిచే చిన్న ప్రోగ్రాం వాడండి. నాకు అలవాటైనది పికోకామ్.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పికోకామ్

ఇన్‌స్టాల్ అయ్యాక ఇలా కొట్టండి:

పికోకామ్ ఖాళీ హైఫన్ బి ఖాళీ 9600 ఖాళీ స్లాష్ డెవ్ స్లాష్ టీటీవైయూఎస్‌బీ0

చివరి మాటలో టీటీవై చిన్న అక్షరాలు, యూఎస్‌బీ పెద్ద అక్షరాలు, ఆఖరిది సున్నా అంకె. ఓ అక్షరం కాదు. స్లాష్ డెవ్ స్లాష్ టీటీవై, ఆ వెంటనే పెద్ద యూ వరకు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది కంప్యూటరే నింపుతుంది. నింపలేదంటే ఆ పేరుతో పోర్టు లేకపోవచ్చు, లేదా అలాంటివి ఒకటికంటే ఎక్కువ ఉండవచ్చు. ట్యాబ్ ఇంకోసారి నొక్కితే ఉన్నవన్నీ చూపిస్తుంది.

ఇప్పుడు వచ్చిన మెసేజ్‌ను కాగితం మీద రాసుకోండి. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే ఆ పోర్టే లేదు. "పర్మిషన్ డినైడ్" అంటే పోర్టు ఉంది, మీకు అనుమతి లేదు. "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అంటే ఇంకో ప్రోగ్రాం దాన్ని పట్టుకుని ఉంది. "టెర్మినల్ రెడీ" అని వచ్చిందంటే ఉబుంటు వైపు అంతా బాగున్నట్టే, తప్పు కేబుల్‌లోనో స్పీడ్‌లోనో ఉంది. ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు. ఏదో తెలియకుండా ఒకదాని మందు ఇంకోదానికి వేయడం వల్లే మిల్లుల్లో గంటలకు గంటలు పోతున్నాయి.

పోర్టే లేదంటే

ఇండికేటర్ వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ సాకెట్ ఉంటుంది. ఇప్పటి చాలా కంప్యూటర్లలో ఆ సాకెట్ లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టర్ పెడతాం. అది లైనక్స్‌లో టీటీవైయూఎస్‌బీ0 అనే పేరుతో కనబడుతుంది. ఆర్డుయినో ఊనో లాంటి బోర్డులైతే టీటీవైఏసీఎం0 అని వస్తాయి. పాత కంప్యూటర్‌లో మదర్‌బోర్డుకే ఉండే పోర్టు పేరు టీటీవైఎస్0. ఈ మూడో పేరుతో ఒక జాగ్రత్త: కంప్యూటర్‌కు నిజంగా సాకెట్ లేకపోయినా ఉబుంటు డెవ్ ఫోల్డర్‌లో టీటీవైఎస్ పేర్లు వరుసగా కనబడతాయి. వాటిని చూసి పోర్టు ఉందనుకుని కుస్తీ పట్టకండి.

కన్వర్టర్ తీసేయండి. టెర్మినల్‌లో ఇది కొట్టండి:

సుడో డిమెసేజ్ ఖాళీ హైఫన్ డబ్ల్యూ

డిమెసేజ్ అంటే డి, ఎం, ఈ, ఎస్, జి అనే అయిదు అక్షరాలే. తెర మీద చాలా లైన్లు పరుగెత్తి ఆగుతాయి. ఇప్పుడు కన్వర్టర్‌ను గుచ్చండి. కొత్తగా ఏ లైనూ రాలేదంటే కంప్యూటర్‌కు అది గుచ్చినట్టే తెలియదు. అప్పుడు యూఎస్‌బీ సాకెట్ మార్చండి, కన్వర్టర్ మార్చి చూడండి. ఆర్డుయినో లాంటి బోర్డుకైతే కేబుల్ మార్చండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజార్లో బోలెడు ఉన్నాయి, వాటి లోపల డేటా తీగలే ఉండవు. బోర్డు మీద లైటు వెలిగింది కదా అని కేబుల్‌ను నమ్మకండి.

"నౌ అటాచ్డ్ టు టీటీవైయూఎస్‌బీ0" అని వస్తే సంతోషం. చివరి అంకె చూసుకోండి. అది 0 కాకుండా 1, 3 కూడా కావచ్చు. చూడటం అయ్యాక కంట్రోల్ పట్టుకుని సి నొక్కితే ఇందులోంచి బయటికి వస్తారు.

ఒక్కోసారి అటాచ్ అయినట్టు లైను వచ్చి, వెంటనే "డిస్‌కనెక్టెడ్" అని ఇంకో లైను వస్తుంది. ఉబుంటు 22.04 పెట్టిన కంప్యూటర్లలో నేను దీన్ని చాలాసార్లు చూశాను. రెండింటి మధ్య లైన్లో బీఆర్ఎల్‌టీటీవై అనే పేరు కనబడితే కారణం దొరికినట్టే. అది చూపు లేనివారు వాడే బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రాం. తక్కువ ధర కన్వర్టర్లలో ఎక్కువగా ఉండే సీహెచ్340 చిప్ గుర్తింపు సంఖ్య 1ఏ86:7523. కొన్ని బ్రెయిలీ పరికరాలకూ అదే సంఖ్య ఉంది. అందుకే ఆ ప్రోగ్రాం మన కన్వర్టర్‌ను బ్రెయిలీ పరికరం అనుకుని లాక్కుంటుంది. ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీతో వాడేవారు ఎవరూ లేరని ఖాయం చేసుకున్నాకే దాన్ని తీసేయండి:

సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్ఎల్‌టీటీవై

కన్వర్టర్‌ను తీసి మళ్లీ గుచ్చితే పోర్టు నిలుస్తుంది. కాలేజీ ల్యాబ్ లాంటి చోట బ్రెయిలీ అవసరమైన పిల్లలు ఉంటే ఈ కమాండ్ వద్దు. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్వర్టర్ కొనండి, సాధారణంగా దాని సంఖ్య 0403:6001. ధర ఎక్కువే అయినా ఇంకొకరి కళ్ల లాంటి ప్రోగ్రాంను తీసేయడం కంటే అది నయం. మీ కన్వర్టర్ సంఖ్య ఏమిటో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొడితే తెలుస్తుంది.

అనుమతి లేదంటే

కొత్తగా ఉబుంటు పెట్టిన కంప్యూటర్‌లోనూ, కొత్త ఆపరేటర్ వచ్చాడని కొత్త యూజర్ పేరు తయారుచేసినప్పుడూ వచ్చే సమస్య ఇది. ముందు పోర్టు ఎవరిదో చూడండి:

ఎల్ఎస్ ఖాళీ హైఫన్ ఎల్ ఖాళీ స్లాష్ డెవ్ స్లాష్ టీటీవైయూఎస్‌బీ0

వచ్చే లైన్లో రెండు పేర్లు ఉంటాయి. మొదటిది రూట్, రెండోది డయల్‌ఔట్. పోర్టు యజమాని రూట్, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్. డయల్‌ఔట్ అనే గ్రూపులో ఉన్నవాళ్లకు చదివే, రాసే అనుమతి ఉంది. మిగతావాళ్లకు ఏదీ లేదు. ఫోన్ లైను మీద మోడెంతో డయల్ చేసి నెట్‌లోకి వెళ్లే రోజుల్లో, ఎవరు పడితే వాళ్లు డయల్ చేసి బిల్లు పెంచకుండా ఈ గ్రూపు పెట్టారు. మోడెంలు పోయినా పేరు మిగిలింది. ఉబుంటు, డెబియన్, మింట్, ఫెడోరాలో ఇదే పేరు. ఆర్చ్ లైనక్స్‌లో మాత్రం ఆ గ్రూపు పేరు యూయూసీపీ.

ఇప్పుడు మీరు ఏ గ్రూపుల్లో ఉన్నారో చూడటానికి గ్రూప్స్ అని కొట్టండి. జాబితాలో డయల్‌ఔట్ లేకపోతే ఇలా చేర్చుకోవాలి:

సుడో యాడ్‌యూజర్ ఖాళీ మీ యూజర్ పేరు ఖాళీ డయల్‌ఔట్

యాడ్‌యూజర్ ఒకే మాట, డయల్‌ఔట్ కూడా మధ్యలో ఖాళీ లేని ఒకే మాట. ఇది ఉబుంటు, డెబియన్, మింట్‌లకు.

ఇదే పని చేసే యూజర్‌మాడ్ అనే ఇంకో కమాండ్ మీకు చాలాచోట్ల కనబడుతుంది. దాంట్లో హైఫన్ తర్వాత చిన్న ఏ, పెద్ద జి రెండూ ఉండాలి. చిన్న ఏ అంటే ఉన్నవాటికి చేర్చు అని. అది మర్చిపోయి పెద్ద జి ఒక్కటే కొడితే, మిమ్మల్ని డయల్‌ఔట్‌లో పెట్టి ఇలాంటి మిగతా గ్రూపులన్నింటిలోంచి తీసేస్తుంది. సుడో గ్రూపు కూడా పోతుంది. అంటే ఆ తర్వాత సుడో పనిచేయదు, తప్పు దిద్దుకునే దారి కూడా మూసుకుపోతుంది. పోయిన యాసంగిలో ఒక మిల్లులో సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి పది దాటింది, బయట ఏడు లారీలు. ఆపరేటర్ పిల్లవాడు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు, "అన్నా, సుడో అంటే నీకు హక్కు లేదంటుంది" అని. అతనిది ఒక్క అక్షరం తప్పు, అంతే.

మీకూ అలా అయితే కంగారు పడకండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, మొదలయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కండి. పాత రకం బయోస్ ఉన్నవాటిలో షిఫ్ట్ పట్టుకోండి. వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, అందులో రూట్ ఎంచుకోండి. అక్కడ ముందు మౌంట్ ఖాళీ హైఫన్ ఓ ఖాళీ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ ఖాళీ స్లాష్ అని కొట్టండి. తర్వాత యాడ్‌యూజర్, మీ పేరు, సుడో అని కొట్టి రీస్టార్ట్ చేయండి. ఆ రాత్రి ఆ పిల్లవాడు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇదంతా తానే చేశాడు. పావుగంటలో లారీలు కదిలాయి.

గ్రూపులో చేరాక తప్పకుండా చేయాల్సింది ఇంకొకటి ఉంది. మీరు లాగిన్ అయినప్పుడు ఏ గ్రూపులు ఉన్నాయో అవే చివరిదాకా ఉంటాయి. అందుకే కమాండ్ కొట్టగానే మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. "చేసినా పనికాలేదన్నా" అనే ఫోన్లలో సగం ఇవే. లాగౌట్ అయి లాగిన్ అవ్వాలి. లాగౌట్ అయినా పాత గ్రూపులే మిగిలిపోవడం కొన్నిసార్లు చూశాను కాబట్టి, కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేయండి. తర్వాత గ్రూప్స్ కొట్టి డయల్‌ఔట్ కనబడిందో లేదో చూసుకోండి.

ఇక్కడ రెండు అడ్డదారులు చాలామంది చెబుతారు. ఒకటి, సీహెచ్‌మాడ్ 666 కొట్టి పోర్టును అందరికీ తెరవడం. కన్వర్టర్ గుచ్చిన ప్రతిసారీ ఉబుంటు ఆ పోర్టు ఫైలును కొత్తగా తయారుచేస్తుంది. కాబట్టి తీసి గుచ్చినా, కరెంటు పోయి వచ్చినా మీరు ఇచ్చిన అనుమతి ఉండదు. మన దగ్గర ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారానికి కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు చెప్పక్కర్లేదు. రెండోది, తూకం సాఫ్ట్‌వేర్‌నే సుడోతో నడపడం. ఇది ఇంకా చెడ్డది. ఆ రోజు అది రాసే రసీదుల ఫైళ్లు రూట్ పేరు మీద తయారవుతాయి. మర్నాడు మామూలుగా తెరిస్తే మీ లెక్కలు మీకే తెరుచుకోవు. దయచేసి ఈ రెండు దారులూ పట్టకండి. గ్రూపులో ఒక్కసారి చేరితే చాలు.

విండోస్ కోసం రాసిన తూకం సాఫ్ట్‌వేర్‌ను వర్చువల్‌బాక్స్‌లో (ఉబుంటు లోపలే విండోస్ నడిపే ప్రోగ్రాం) నడుపుతుంటే, డయల్‌ఔట్‌తో పాటు వీబాక్స్‌యూజర్స్ అనే గ్రూపులోనూ ఇలాగే చేరాలి. లేకపోతే లోపలి విండోస్‌కు మీ యూఎస్‌బీ కన్వర్టర్ కనబడదు.

బిజీ అంటే

పట్టుకున్నది ఎవరో అడగండి:

సుడో ఫ్యూజర్ ఖాళీ హైఫన్ వి ఖాళీ స్లాష్ డెవ్ స్లాష్ టీటీవైయూఎస్‌బీ0

ఫ్యూజర్ అంటే ఎఫ్, యు, ఎస్, ఈ, ఆర్. ప్రోగ్రాం పేరు, దాని నంబరు వస్తాయి. ఎక్కువసార్లు అది పాత తూకం సాఫ్ట్‌వేరే: కిటికీ మూసినా వెనక నడుస్తూనే ఉంటుంది. కిల్ అని కొట్టి ఖాళీ వదిలి ఆ నంబరు ఇస్తే వదిలేస్తుంది.

అక్కడ మోడెం మేనేజర్ పేరు కనబడితే కథ వేరు. కొత్త పరికరం గుచ్చగానే అది మోడెమేమో అని పోర్టు తెరిచి పలకరించి చూసే ప్రోగ్రాం అది. టీటీవైఏసీఎం పేరుతో వచ్చే పరికరాలతో ఈ గొడవ ఎక్కువ. కొన్ని సెకన్లు ఆగితే తానే వదిలేస్తుంది కాబట్టి ముందు అర నిమిషం ఆగి చూడండి. అనుమానం తీరాలంటే సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెంమేనేజర్ అని తాత్కాలికంగా ఆపండి. ఇందులో మోడెం మొదటి ఎం, మేనేజర్ మొదటి ఎం మాత్రమే పెద్దవి, మోడెం చివరి ఎం చిన్నదే. దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో చాలా కంప్యూటర్లు సిమ్ డాంగిల్ మీదే నెట్ తెచ్చుకుంటాయి. అలాంటి కంప్యూటర్‌లో దీన్ని ఆపితే నెట్ కూడా పోవచ్చు. అక్కడ శాశ్వతంగా తీసేయకండి.

పోర్టు తెరుచుకుంది కానీ తూకం లేదు

పికోకామ్ "టెర్మినల్ రెడీ" అంది, తర్వాత పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే రెండు వైపులా స్పీడ్ కలవలేదు. ఇండికేటర్ మెనూలో బాడ్ రేట్ అని ఉంటుంది. అది 2400 అయితే పికోకామ్‌కూ 2400 ఇవ్వాలి. ముందున్న దాంట్లోంచి బయటికి రావడానికి కంట్రోల్ పట్టుకుని ఏ, తర్వాత కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కండి.

ఏమీ రాకపోతే కన్వర్టర్‌ను పరీక్షించండి. ఇండికేటర్ కేబుల్ తీసేసి, కన్వర్టర్ తొమ్మిది పిన్నుల్లో 2, 3 పిన్నులను చిన్న తీగతో కలపండి. 2 వినే పిన్ను, 3 పంపే పిన్ను. ఇప్పుడు పికోకామ్‌లో మీరు కొట్టిన అక్షరం తిరిగి తెర మీద కనబడితే కన్వర్టర్, ఉబుంటు, అనుమతి మూడూ బాగున్నాయి. ఇక చూడాల్సింది కేబుల్, ఇండికేటర్ సెట్టింగులే. కేబుల్‌లో 2, 3 తారుమారై ఉండవచ్చు, 5వ పిన్ను గ్రౌండ్ తీగ ఊడి ఉండవచ్చు. ఇండికేటర్ తూకాన్ని ఆగకుండా పంపే పద్ధతిలో ఉందా, ప్రింట్ మీట నొక్కితేనే పంపే పద్ధతిలో ఉందా అన్నదీ చూడండి.

ఆర్డుయినో పిల్లలకు ఒక్క మాట: తొమ్మిది పిన్నుల పోర్టు మీద ప్లస్ 15, మైనస్ 15 వోల్టుల దాకా ఉండొచ్చు. దాన్ని నేరుగా బోర్డు పిన్నులకు కలిపితే బోర్డు కాలిపోతుంది. మధ్యలో ఆ వోల్టులను బోర్డుకు సరిపోయేలా మార్చే మ్యాక్స్232 లాంటి చిప్ తప్పనిసరి.

పేరు మారకుండా

నిన్న నడిచి ఇవాళ ఆగిన చోట నేను మొదట అనుమానించేది దీన్నే. ఏది ముందు గుచ్చితే దానికి 0 అంకె వస్తుంది. కొన్ని సిమ్ డాంగిళ్లు ఒక్కటే మూడు టీటీవైయూఎస్‌బీ పేర్లు తీసుకుంటాయి. కరెంటు పోయి వచ్చాక డాంగిల్ ముందు లేస్తే కాంటా టీటీవైయూఎస్‌బీ3 అవుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత 0 దగ్గరే వెతుకుతుంటుంది. సాఫ్ట్‌వేర్ నడుస్తుండగా కన్వర్టర్‌ను లాగి మళ్లీ గుచ్చినా ఇంతే: పాత 0 ఇంకా దాని చేతిలోనే ఉంటుంది కాబట్టి కొత్తది 1 అవుతుంది.

దీనికి ఉబుంటులోనే మంచి ఏర్పాటు ఉంది. ఎల్ఎస్ ఖాళీ హైఫన్ ఎల్ ఖాళీ స్లాష్ డెవ్ స్లాష్ సీరియల్ స్లాష్ బై హైఫన్ పాత్ అని కొట్టండి. ప్రతి కన్వర్టర్‌కూ ఒక పొడవాటి పేరు, దాని ఎదురుగా బాణం గుర్తు, ఆ తర్వాత ఇప్పటి టీటీవై పేరు కనబడతాయి. ఆ పొడవాటి పేరు మీరు కన్వర్టర్‌ను ఏ యూఎస్‌బీ సాకెట్‌లో గుచ్చారో దాన్ని బట్టి వస్తుంది. బై హైఫన్ ఐడీ అనే ఇంకో ఫోల్డర్ కూడా ఉంది. కానీ మన దగ్గర దొరికే సీహెచ్340 కన్వర్టర్లకు సాధారణంగా సొంత సీరియల్ నంబరు ఉండదు, రెండు గుచ్చితే రెండింటికీ ఒకే పేరు వస్తుంది. అందుకే వేబ్రిడ్జి (బండ్లు తూచే పెద్ద కాంటా), చిన్న కాంటా రెండూ ఒకే కంప్యూటర్‌కు ఉన్నచోట బై హైఫన్ పాత్ వాడమంటాను.

ఆ మొత్తం దారిని కాపీ చేసి తూకం సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో టీటీవైయూఎస్‌బీ0 ఉన్న చోట పెట్టండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పోర్టు పేరు రాయనివ్వవు, జాబితాలోంచే ఎంచుకోమంటాయి. అలాంటప్పుడు కాంటా కన్వర్టర్‌ను ముందు గుచ్చి, డాంగిల్‌ను లాగిన్ అయ్యాకే గుచ్చే అలవాటు పెట్టుకోవాల్సి ఉంటుంది.

ఇక ఆ యూఎస్‌బీ సాకెట్ పక్కన మార్కర్‌తో "కాంటా" అని రాయండి. రాత్రి షిఫ్టులో వచ్చే ఆపరేటర్‌కూ చూపించండి, ఎందుకంటే వేరే సాకెట్‌లో పెడితే ఆ దారి మారిపోతుంది. తర్వాత కంప్యూటర్‌ను ఒకసారి పూర్తిగా ఆపి, మళ్లీ వేసి, ఖాళీ ట్రాక్టర్‌ను కాంటా మీదికి ఎక్కించి చూడండి. ఇండికేటర్ మీది అంకె, తెర మీది అంకె ఒకటే అయ్యాక లోడు బండిని పిలవండి.